కూర్చున్న గిత్త కేకు: మూడో పాఠం – కడ్డీ నిలబెట్టడం, ఒళ్లు చెక్కడం

మొదటి పాఠంలో అసలు కొలతల్లో గీసిన బొమ్మలు రెండూ, ముందువైపుదీ పక్కవైపుదీ, గోడకు అతికించి ఉంచండి. ఈ పాఠం అంతా వాటిని చూస్తూనే నడవాలి. పదిహేనేళ్ల కుర్రాడి పుట్టినరోజుకు, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కాళ్లు చాపుకుని కూర్చున్న ఒంగోలు గిత్త మన బొమ్మ. కొమ్ములు కాక ఎత్తు 29 సెం.మీ.: ఒళ్లు 17, తల 12. తల ఇంకా పెద్దది చేస్తే ముద్దొస్తుంది కానీ అది ఏడాది పిల్లాడి కేకు అయిపోతుంది. ఈ వయసు పిల్లలకు ముద్దు బొమ్మ అంటేనే చిరాకు. తల కన్నా ఒళ్లు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండాలి, కళ్లు చిన్నవిగా సగం మూసినట్టు ఉండాలి.

రెండో పాఠం చేయనివాళ్లు ముందు ఇవి సిద్ధం చేసుకోండి. ఆరంగుళాల గుండ్రటి టిన్నులు మూడింటికి వెన్న 450 గ్రాములు, పంచదార 450, గుడ్లు 9, మైదా 500, బేకింగ్ పౌడర్ 10 గ్రాములు, పాలు 130 మి.లీ., చిటికెడు ఉప్పు, వెనిల్లా. 160 డిగ్రీల దగ్గర 50 నుంచి 60 నిమిషాలు. పైభాగం చదును చేసి, ఒక్కో కేకును అడ్డంగా రెండు పొరలుగా కోస్తే 2.5 సెం.మీ. మందంలో ఆరు పొరలు వస్తాయి. స్పాంజి కేకు వాడొద్దు. అది కత్తి తగలగానే పొడిపొడిగా రాలుతుంది, గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే పూత) బరువుకు కుంగుతుంది. గనాష్‌కి వైట్ కాంపౌండ్ (కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసిన తెల్ల చాక్లెట్) ఒక కిలో, ప్యాకెట్ క్రీమ్ 250 గ్రాములు. ఈ నాలుగుకు ఒకటి లెక్క మన ఎండలకు. డిసెంబరు, జనవరిలో అయితే అదే కిలోకి క్రీమ్ 330 దాకా వేసుకోవచ్చు. బయట రెసిపీల్లో కనిపించే రెండుకు ఒకటి లెక్క డార్క్ చాక్లెట్‌ది, అదీ చల్లటి ఊళ్లకు. వైట్ కాంపౌండ్‌తో దాన్ని పాటిస్తే ఒంగోల్లో మే నెలలో గనాష్ గోడలా నిలబడదు, జారుతుంది. విప్పింగ్ క్రీమ్ సంగతి ఎత్తొద్దు. దాని మీద ఫాండెంట్ (పైన కప్పే పంచదార ముద్ద) నిలవదు.

కేకు బరువు మోయదు

బొమ్మ కేకులు కూలేది చాలావరకు ఒకే కారణానికి: తల బరువును కేకు మీద పెట్టడం. బొరుగులతో చేసినా సరే, ఫాండెంట్, కొమ్ములు, హెడ్‌ఫోన్లు కలిపి ఈ తల ముప్పావు కిలో దాకా తూగుతుంది. మెత్తటి కేకు మీద దాన్ని కూర్చోబెడితే రాత్రికి రాత్రే మెడ దగ్గర కుంగి, తెల్లారేసరికి గిత్త ముందుకు వాలి ఉంటుంది. అందుకే బరువంతా కడ్డీ మీదుగా కింద చెక్కకు దిగాలి. కేకు ఆ కడ్డీ చుట్టూ తొడుక్కున్న చొక్కా మాత్రమే.

హార్డ్‌వేర్ కొట్లో 8 మి.మీ. థ్రెడ్ రాడ్ (పొడవునా మరలున్న కడ్డీ) అడిగి 28 సెం.మీ.కు కోయించుకోండి. దానికి సరిపోయే నట్లు మూడు, వెడల్పు వాషర్లు ఆరు. తాగునీటి లైన్లకు వాడే అరంగుళం సీపీవీసీ గొట్టం ఒక అడుగు. అడుగు చెక్కగా 12 మి.మీ. మందం, 30 సెం.మీ. వ్యాసం ఉన్న ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన పలక) లేదా ప్లైవుడ్. దాని కింద 2 సెం.మీ. ఎత్తు రబ్బరు కాళ్లు నాలుగు బిగించండి. ఆ కాళ్లు లేకపోతే కింద నట్టు తగిలి చెక్క ఊగుతుంది, ఎత్తేటప్పుడు వేళ్లు దూరే చోటు కూడా ఉండదు.

రాడ్‌కి రంధ్రం చెక్క నడిమధ్యలో కొట్టొద్దు. నాలుగు సెం.మీ. వెనక్కి జరపండి. కాళ్లు ముందుకు చాపి ఉంటాయి కాబట్టి నడిమధ్యలో పెడితే గిట్టలు చెక్క దాటి బయటికొస్తాయి. రాడ్ కింద ఒక సెం.మీ. బయటికి ఉండేలా దూర్చి, చెక్కకు కిందా పైనా వాషర్, నట్టు వేసి స్పానర్‌తో గట్టిగా బిగించండి. చేత్తో ఊపితే చెక్క మొత్తం కదలాలి గానీ రాడ్ విడిగా కదలకూడదు. ఇప్పుడే బిగించాలి, కేకు ఎక్కాక స్పానర్ పట్టే సందు ఉండదు. ఆ తర్వాత చెక్కను ఫాయిల్‌తో, రాడ్‌ను క్లింగ్ ఫిలింతో చుట్టేయండి. గొట్టం ముక్కల్ని సబ్బుతో కడిగి ఆరబెట్టి వాటికీ క్లింగ్ ఫిలిం చుట్టండి.

గొట్టంలోంచి ఒంటికి రెండు ముక్కలు కోయాలి, మిగిలింది తలకు ఉంచండి. పై ముక్క 8.5 సెం.మీ. కింది ముక్క 7.7 మాత్రమే, ఎందుకంటే అది చెక్క మీద కాదు, నట్టు మీద కూర్చుంటుంది. నట్టు, వాషర్లు కలిపి సుమారు 8 మి.మీ. తీసుకుంటాయి. కోసిన అంచు ఖచ్చితంగా అడ్డంగా రావాలి. ఏటవాలుగా కోస్తే ఆ పైన పెట్టే అట్ట వంగుతుంది, అట్టతో పాటు గిత్తా వంగుతుంది. కోశాక ముక్కను టేబుల్ మీద నిలబెట్టి చూడండి, ఊగితే గరుకు కాగితం మీద రుద్దండి.

మధ్యలో పెట్టడానికి 9 సెం.మీ. గుండ్రటి 3 మి.మీ. ఎండీఎఫ్ అట్ట ఒకటి కావాలి. భుజాల మీద పెట్టేది మాత్రం గుడ్డు ఆకారంలో ఉండాలి: వెడల్పు 8, పొడవు 11. రంధ్రం ముందువైపుకు ఉండి, వెనక మూడు సెం.మీ. ఎక్కువ మిగలాలి. ఆ మిగిలిన చోట మూపురం కూర్చుంటుంది. మూపురాన్ని ఫాండెంట్ ముద్దతో చేసి వీపుకు అతికించేవాళ్లున్నారు. ఎండాకాలంలో అది గంటలో జారి నడుము దగ్గరికి దిగుతుంది. ఒంగోలు, నెల్లూరు వైపు మిగతా ఏది తేడా వచ్చినా ఎవరూ పట్టించుకోరు గానీ, మూపురం వంకరగా ఉన్న గిత్తను చూసి పెద్దవాళ్లు మాట అనకుండా ఊరుకోరు.

పొరలు ఎక్కించడం

పొర మధ్యలో 16 మి.మీ. రంధ్రం చేయడానికి యాపిల్ గింజ తీసే పరికరం గానీ మిగిలిన గొట్టం ముక్క గానీ సరిపోతుంది. అడుగు పొరకు మాత్రం నట్టు పట్టేలా రంధ్రం వెడల్పు చేయండి. రాడ్ మీదికి కింది గొట్టం ముక్క తొడిగి, చెక్క మీద ఒక చెంచా గనాష్ రాసి మొదటి పొర దించండి. ఒక్కో పొర మీద చెంచాడు పంచదార పాకం చల్లి, 4 మి.మీ. మందాన గనాష్ రాయండి. మూడు పొరలయ్యాక వాషర్, 9 సెం.మీ. అట్ట, మళ్లీ వాషర్, పై గొట్టం, మిగతా మూడు పొరలు. చివరగా వాషర్ వేసి గుడ్డు అట్ట పెట్టి, ఆఖరి వాషర్, నట్టు బిగించండి. నట్టు తిప్పేటప్పుడు అట్ట గొట్టం మీద బిగుస్తున్నట్టు చేతికి తెలియాలి. కేకును నొక్కుతున్నట్టు అనిపిస్తే పై పొరలు ఎత్తు ఎక్కువయ్యాయని అర్థం. అట్ట తీసి పై పొరను చెక్కండి. అట్ట గొట్టం మీద ఆనకుండా కేకు మీదే బిగిస్తే ఇంత కష్టం వృథా.

పాకం ఎక్కువ పోయొద్దు. మామూలు పుట్టినరోజు కేకుకు పోసినట్టు తడిపితే చెక్కేటప్పుడు ముద్దలుగా ఊడుతుంది.

ఇప్పుడు మొత్తాన్ని క్లింగ్ ఫిలింతో చుట్టి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు ఉంచండి. తొందరపడేవాళ్లు దాటేసే మెట్టు ఇదే. గనాష్ గట్టిపడేది, పొరలు సర్దుకునేది ఈ నాలుగు గంటల్లోనే. ఇప్పుడు సర్దుకోని పొరలు ఫాండెంట్ వేశాక సర్దుకుంటాయి, అప్పుడు నడుము చుట్టూ ఒక మడత ఉబుకుతుంది. దాన్ని లోపలికి నొక్కడం కుదరదు.

చెక్కడం

పని మొదలుపెట్టేముందు ఒక లెక్క. పైన గనాష్ 4 నుంచి 5 మి.మీ., ఫాండెంట్ 3 నుంచి 4 మి.మీ. వస్తుంది. అంటే బొమ్మలో గీసిన గీతకు అన్ని వైపులా 8 మి.మీ. లోపలికి కేకు ఉండాలి. అలా లోపలి గీతతో బటర్ పేపర్ మీద ముందువైపు ఒకటి, పక్కవైపు ఒకటి కత్తిరించుకోండి. ఈ లెక్క మరిచి గీత మీదే కోసినవాళ్ల గిత్త పూర్తయ్యేసరికి పందెం గిత్తలా కాక గేదెలా తయారవుతుంది.

రంపపు పళ్లున్న పొడవాటి కత్తి ఒకటి, చిన్న పదునైన కత్తి ఒకటి చాలు. ముందువైపు కాగితాన్ని పుల్లలతో గుచ్చి రెండు పక్కలా పై నుంచి కిందికి కోయండి: భుజాల దగ్గర 10 సెం.మీ., పొట్ట దగ్గర 14, అడుగున పూర్తి వెడల్పు. కాగితం తీసి పక్కవైపుది పెట్టి ఛాతీ, వీపు గీతలు కోయండి. ఈ రెండు కోతలయ్యాక ఒళ్లు మూలలున్న పెట్టెలా ఉంటుంది. అప్పుడు చిన్న కత్తితో మూలలు గుండ్రం చేయాలి. ముందే గుండ్రం చేస్తే కాగితం ఆనడానికి చోటు ఉండదు, ఒక పక్క లావు ఒక పక్క సన్నం అవుతుంది.

ఒక్కసారి అర సెం.మీ. కన్నా ఎక్కువ తీయొద్దు. నాలుగు ముక్కలు తీసి, మూడడుగులు వెనక్కి వెళ్లి గోడ మీది బొమ్మతో పోల్చి చూడండి. గంగడోలు మడతల్ని కేకులో చెక్కే ప్రయత్నం చేయొద్దు. సన్నటి గట్లు కత్తికి విరిగిపోతాయి. మెడ నుంచి పొట్ట దాకా మధ్యలో ఒక చిన్న గట్టు వదిలితే చాలు, మడతలు నాలుగో పాఠంలో ఫాండెంట్‌తో వస్తాయి. తొడల దగ్గర మాత్రం కాళ్లు ఆనుకునేలా రెండు వైపులా లోతైన గుంట తీయండి.

రాలిన ముక్కలు ఏవీ పారేయొద్దు. 400 గ్రాముల పొడికి 110 గ్రాముల గనాష్ కలిపి గట్టిగా పిసికితే రెండు వెనక కాళ్లకు సరిపోతుంది, ఒక్కోటి 12 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. లావు. గుప్పిట్లో నొక్కితే వేలిముద్ర పడాలి, వేళ్లకు అంటకూడదు. అంటితే గనాష్ ఎక్కువైంది, మరికొంత పొడి వేయండి. ఈ కాళ్లు చెక్క మీదే పడి ఉంటాయి, ఏ బరువూ మోయవు, కాబట్టి వాటికి కడ్డీలు అక్కర్లేదు.

తల, మూపురం

బొరుగులు 160 గ్రాములు, వైట్ కాంపౌండ్ 350. ఉప్పు లేని బొరుగులే తీసుకోండి, సన్న మంట మీద వేయించి చల్లార్చి చేత్తో ఒకసారి నలపండి. మెత్తబడ్డ బొరుగులు పట్టు నిలవవు, పూర్తి గింజలు ఉంటే పైన గుంటలు ఎక్కువ. మార్ష్‌మాలోతో కూడా కలుపుకోవచ్చు గానీ చాలా రకాల్లో జెలటిన్ ఉంటుంది, శాకాహారుల ఇళ్లలో అడిగి వాడాలి. బొరుగుల ఉండల్లా బెల్లం పాకంతో ఎందుకు చేయకూడదనే ప్రశ్న వస్తుంది. బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు వానల్లో అయితే ఇంకా తొందరగా. దాని మీద ఫాండెంట్ చెమటపట్టి జారుతుంది.

కరిగించిన కాంపౌండ్‌లో బొరుగులు కలిపి, నాలుగో వంతు మూపురానికి పక్కన పెట్టండి. మిగతాదాన్ని 7 సెం.మీ. గొట్టం ముక్క చుట్టూ గట్టిగా నొక్కుతూ తలగా చేయండి. నొసలు వెడల్పు, మూతి సన్నం. అడుగున నట్టు పట్టేంత గుంట మరవొద్దు. చల్లారి బిగిశాక రాడ్ మీదికి దించి, కరిగించిన కాంపౌండ్‌తో అట్టకు అతికించండి. అతికించకపోతే కారు మలుపు తిరిగినప్పుడల్లా గిత్త పక్కకు చూస్తుంది. మూపురాన్ని అట్ట వెనక మిగిలిన చోట, కొద్దిగా వెనక్కి వాలినట్టు పెట్టండి.

గనాష్ పూత

గనాష్ దోసె పిండి కన్నా బాగా గట్టిగా, పాలెట్ నైఫ్ మీద నిలిచేలా ఉండాలి. గదిలో 25 డిగ్రీలుంటే పని తేలిక, మధ్యాహ్నం ఏసీ లేకుండా కూర్చోవద్దు. ముందు పలచగా పూసి పొడి అంతా అంటుకున్నాక 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, తర్వాత పూర్తి మందం పూయండి. వంపుల్లో పాలెట్ నైఫ్ పనికిరాదు, మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటును అరచెయ్యంత కోసి, వేడినీళ్లలో ముంచి తుడిచి, వంచి లాగితే నునుపు వస్తుంది. తలకు రెండు పూతలు తప్పవు, లేకపోతే బొరుగు గింజలు ఫాండెంట్ కింద నుంచి మొటిమల్లా కనిపిస్తాయి. టీనేజీ గిత్త కాబట్టి సరిపోతుందని నవ్వుకోవచ్చు గానీ డబ్బులిచ్చేవాళ్లు నవ్వరు.

గనాష్ విరిగి నూనె తేలితే పారేయకండి. కాంపౌండ్ ఎక్కువ వేడెక్కి ఉంటుంది. చెంచా చెంచాగా గోరువెచ్చని పాలు పోస్తూ హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పితే కలుస్తుంది. పూత మీద సన్నటి పగుళ్లు వస్తే కేకు మరీ చల్లగా ఉండగా వెచ్చని గనాష్ పూశారన్నమాట. పైన పలచగా ఇంకో చేయి వేయండి.

ఈ పని అయ్యాక ఒళ్లు, కాళ్లు, తల ఫ్రిజ్‌లో రాత్రంతా ఉండాలి. మొత్తం పట్టనంత చిన్న ఫ్రిజ్ అయితే ఒక అర తీసేయండి, ఎత్తు ముందే కొలిచి చూసుకోవాల్సింది. చెక్కిన కేకు, గనాష్ కలిపి రెండున్నర కిలోల లోపే. పాతికమందికి వస్తుంది. వందమందిని పిలిచిన ఇంట్లో ఇదే పెద్దది చేయమంటే ఒప్పుకోకండి, లోపల కోసి పంచడానికి అదే రుచిలో పళ్లెం కేకు విడిగా చేయండి. లోపల రాడ్ ఉందని, కత్తి ఎక్కడ దింపాలో ఒక కాగితం మీద గీసి ఇంటివాళ్లకు ఇవ్వండి.

నాలుగో పాఠానికి తెల్ల ఫాండెంట్ కిలోన్నర, నల్ల రంగు జెల్, సీఎంసీ పొడి (ఫాండెంట్‌ను గట్టిపరిచేది) ఒక చెంచా, ఎండు స్పెగెట్టి, కార్న్‌ఫ్లోర్ సిద్ధంగా పెట్టుకోండి. తలకు, మెడకు, మూపురానికి బూడిద నీడ ఎలా దించాలో, కళ్ల చుట్టూ నల్ల గీత ఎక్కడ ఆపాలో అక్కడ చూద్దాం.