చారు ఎందుకు కుదరలేదు?

చారు కుదరకపోతే మనవాళ్లు ముందు చింతపండును తిడతారు, తర్వాత దుకాణంలో కొన్న పొడిని, ఆ తర్వాత నల్లా నీళ్లను. చాలాసార్లు తప్పు వీటిలో దేనిదీ కాదు. ఏది ముందు వేశాం, ఏది వెనక వేశాం, మంట ఎంత పెట్టాం అన్న దగ్గరే తేడా వస్తుంది. చారు అంటే ఇక్కడ అన్నీ కలిపే అంటున్నా: మిరియాల చారు, పప్పుచారు, పచ్చిపులుసు, నాటుకోడి చారు, పాయా (మేక కాళ్ల చారు), పిల్లలు అడిగే టమాట సూపు. వాన ముసురు పట్టిన రోజైనా, జలుబు చేసినా, ప్రయాణం చేసి రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరినా కడుపు అడిగేది వీటిలో ఏదో ఒకటే. అలాంటి పూట చారు చెడితే వచ్చే చిరాకు బిర్యానీ చెడినా రాదు.

మీ గంజులో ఏ లక్షణం కనిపిస్తోందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి.

చారులో పచ్చివాసన

లక్షణం: అన్నంలో పోసుకుంటే చింతపండు వాసన విడిగా తెలుస్తుంది, గొంతులో కాస్త గీరినట్టు ఉంటుంది.

కారణం: పులుసు, ఉప్పు, చారుపొడి, పోపు అన్నీ ఒక్కసారే పడేసి, ఒక్క పొంగు రాగానే దించడం. పులుసు మరగడానికి టైం కావాలి, పొడికి అంత టైం అక్కర్లేదు. రెండింటినీ ఒకే లెక్కన చూస్తే ఏదో ఒకటి చెడుతుంది.

పరిష్కారం: చింతపండు పులుసులో పసుపు, ఉప్పు, నలిపిన టమాటలు వేసి ముందు దాన్నే ఓ పది నిమిషాలు మరగనివ్వండి. గంజు మీదికి వంగితే ముక్కుకు తగిలే పుల్లటి ఘాటు తగ్గాలి. అప్పుడు పొడి వేయాలి. పొడి పడ్డాక నురగ అంచుల నుంచి మధ్యలోకి కమ్ముకుని పైకి లేస్తుంది. అదే దించే గుర్తు, అక్కడి నుంచి ఇంకో ఐదు నిమిషాలు మరిగిస్తే చారుపొడి వాసన వంటింట్లోనే ఉండిపోతుంది, గిన్నెలో ఉండదు. కొత్తిమీర దించాకే వేసి మూత పెట్టాలి.

పొడి ఇప్పటికే వేసేశారా? ఫర్వాలేదు, పచ్చివాసన పోయేదాకా మరిగించండి. తర్వాత జీలకర్ర, ధనియాలు అప్పటికప్పుడు అర చెంచా దంచి వేసి, కొత్తగా పోపు పెట్టండి. మొదటి పొడి వాసన పోయినా ఇది నిలబెడుతుంది.

మిరియాల చారు చేదెక్కింది

చేదుకు కారణం ఒకటి కాదు. పోపులో మెంతులు నల్లబడి ఉండొచ్చు, ఎల్లిగడ్డ మాడి ఉండొచ్చు. మిరియాలను మిక్సీలో పిండిలా పట్టి చాలాసేపు మరిగించి ఉండొచ్చు. పసుపు చెయ్యి జారి ఉండొచ్చు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి తెప్పించి పట్టించుకున్న తాజా పసుపైతే చిటికెడు చాలు, ప్యాకెట్ పసుపు అలవాటుతో చెంచా తిప్పేస్తే చారు మందులా తయారవుతుంది.

మిరియాలు రోట్లోనే దంచండి. ఒక్కో గింజ మూడు నాలుగు ముక్కలైతే సరిపోతుంది, పొడి కానక్కర్లేదు. అందులోనే జీలకర్ర, ఆఖరున పొట్టు తీయని ఎల్లిగడ్డ రెబ్బలు వేసి ఒక్కో దెబ్బ వేస్తే చాలు, రెబ్బ చితికి పొట్టుకే అతుక్కుని ఉంటుంది. ఆ పొట్టు తీసేసే వాళ్లున్నారు. తీస్తే చారు చెడిపోదు గానీ, వాసనలో తేడా నాకైతే తెలిసిపోతుంది.

చేదు ఎక్కాక పూర్తిగా విరిచే మందు లేదు. చిన్న బెల్లం ముక్క, కొంచెం ఉప్పు, మరో గ్లాసు టమాట రసం కలిపితే నోటికి తెలియకుండా అణుగుతుంది. పోపు మాడిందని ముందే చూస్తే మాత్రం దాన్ని చారులో పోయకండి. గంటెడు నూనె పోతే పోయింది.

పప్పుచారులో పప్పు అడుక్కి, నీళ్లు పైకి

దీనికి మొదటి కారణం పప్పు సరిగా మెదగకపోవడం. కందిపప్పు పలుకుగా ఉండగానే పులుసు పోస్తే ఇక ఎంత మరిగించినా అది పలుకే. పులుపు తగిలిన పప్పూ కూరగాయా మెత్తబడడం బాగా నెమ్మదిస్తుంది. ములక్కాడ, సొరకాయ ముక్కలు గట్టిగా మిగిలిపోవడానికీ ఇదే కారణం. అందుకే ముక్కలు ముందు ఉత్త నీళ్లలో ముప్పాతిక భాగం ఉడకాలి, పప్పును వేడి మీదే గుత్తితో మెదపాలి, పులుసు ఆ తర్వాతే.

పప్పు కుక్కర్‌లో కూడా ఉడకట్లేదంటే అది పాతదై ఉంటుంది, లేదా మీవి బోరు నీళ్లు. నీళ్లలో సున్నం (కాల్షియం), మెగ్నీషియం ఎక్కువుంటే పప్పు మెత్తబడకుండా గట్టిగానే ఉండిపోతుంది. వంటకు నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడి చూడండి, పప్పును గంట ముందు నానబెట్టండి. చిటికెడు వంట సోడా కూడా పని చేస్తుంది గానీ, ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

ఇప్పటికే విడిపోయిన చారు ఉందా? ఒక గిన్నెడు పప్పు అడుగు నుంచి తీసి మిక్సీలో తిప్పి మళ్లీ కలపండి. శనగపిండి కలిపితే చిక్కబడుతుంది, కానీ అప్పుడది మజ్జిగ పులుసుకు చుట్టమవుతుంది. ఉలవచారు పలుచనైనా ఇదే ఉపాయం. గుడాలు (ఉడికించిన ఉలవలు) చేసుకున్నప్పుడు వార్చిన ఉలవ నీళ్లతో చారు పెడతాం కదా, అందులో గుప్పెడు గుడాలు నూరి కలిపితే పిండి అవసరం రాదు.

మంట ఉంది, రంగు లేదు

వరంగల్‌లోని ఏనుమాముల మిర్చి మార్కెట్ పక్కన ఉండి కూడా చాలా ఇళ్లలో ఒకే రకం మిర్చితో కారం పట్టిస్తారు. తేజ రకం అయితే నాలుక మండిపోతుంది, చారు మాత్రం పాలిపోయి ఉంటుంది. రంగు రావాలని ఇంకో చెంచా వేస్తే పిల్లలు ఏడుస్తారు. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటలా గుండ్రంగా, ముదురు ఎరుపులో ఉంటుంది, మంట తక్కువ. రెండూ కలిపి పట్టించుకోండి. షేర్వాకు (మాంసం పులుసుకు), పాయాకు చపాట పాలు ఎక్కువ ఉండాలి. మిరియాల చారుకు అసలు కారప్పొడే అక్కర్లేదని నా పట్టుదల.

పచ్చిపులుసు

ఇది మరిగించేది కాదు కాబట్టి దీని తప్పులు వేరు. ఉల్లిగడ్డను మిక్సీలో వేస్తే చేదు వస్తుంది. సన్నగా తరిగి, ఉప్పు వేసి చేత్తో పిసకాలి, ముక్క చెమర్చి వంగాలి. పచ్చిమిరపకాయలు పచ్చివి వేస్తే గడ్డి వాసన వస్తుంది, మంట మీద పొట్టు నల్లబడేదాకా కాల్చి ఉల్లిగడ్డతో పాటే నలపాలి. నువ్వుల పొడి వేసే ఇళ్లలో చేదు వస్తే నువ్వులు ఎక్కువ వేగాయన్నమాట. నువ్వులు చిటపటమనడం మొదలవగానే దించేయాలి, వేడి పెనంలోనే వదిలేస్తే అవి ఇంకా వేగుతూనే ఉంటాయి. చల్లటి నీళ్లలో చింతపండు పిసికి పులుసు దిగలేదని గింజుకోకండి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి చల్లారనివ్వండి.

పాయా: నీచు వాసన, మడ్డి రంగు, జిగురు లేదు

ఫోన్ చేసి అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. మూడు సమస్యలు, మూడింటికీ వేర్వేరు కారణాలు.

నీచు వాసన వచ్చిందంటే కాళ్లు శుభ్రం కాలేదు. దుకాణంలో కాల్చి ఇస్తారు, నిజమే. కానీ కాల్చిన తర్వాత చర్మం మీద నల్లటి పొర మిగులుతుంది, గిట్టల సందులో వెంట్రుక మొదళ్లు ఉంటాయి. ఇంటికి తెచ్చాక వేడి నీళ్లు పోసి, కత్తి వీపుతో కాదు, పదునుతో అడ్డంగా గీకాలి. లోపలి పసుపచ్చటి తెల్లచర్మం బయటపడాలి. గిట్టల మధ్య వేలు పెట్టి చూడండి, గరుకుగా తగిలితే పని కాలేదు. ఆ తర్వాత పసుపు, గోధుమపిండి పట్టించి కడగాలి. ఒకసారి నీళ్లలో పొంగు రానిచ్చి ఆ నీళ్లు పారబోస్తే మిగిలిన వాసన కూడా పోతుంది. సారం పోతుందని కొందరు బాధపడతారు. ఐదు నిమిషాల్లో పోయే సారం కాదది.

మడ్డి రంగు వచ్చిందంటే మంట ఎక్కువైంది. బొక్కల్లోని కొవ్వు, మాంసకృత్తులు ఉడుకు దెబ్బకు నీళ్లలో చిలికినట్టు కలిసిపోతాయి. చన్నీళ్లలో మొదలుపెట్టి, మొదటి పొంగుకు ముందు పైకి తేలే బూడిదరంగు నురగను గంటెతో తీసేసి, అక్కడి నుంచి సన్న మంట పెట్టాలి. రుచికి మడ్డి పెద్ద నష్టం కాదు. చుట్టాలకు పెట్టే రోజు మాత్రమే దీని గురించి టెన్షన్ పడండి.

జిగురు రాలేదంటే టైం సరిపోలేదు. చర్మంలో, నరాల్లో ఉండే కొల్లాజెన్ నెమ్మది వేడిలో కరిగి జెలటిన్‌గా మారితేనే పెదాలు అంటుకునే చారు వస్తుంది. కుక్కర్‌లో నాలుగు కూతలు మాంసం ముక్కకు సరిపోతాయి గానీ కాళ్లకు చాలవు. మొదటి కూత రాగానే సిమ్‌లో పెట్టి 45 నిమిషాల నుంచి గంట వరకు వదిలేయండి. నాలుగు కాళ్లకు రెండు లీటర్లకు మించి నీళ్లు పోయొద్దు. ఉప్పు, ధనియాల పొడి, మిరియాలు, నూరిన కుడుక (ఎండు కొబ్బరి), గసగసాలు అన్నీ మూత తీశాకే. కుడుక ముందే వేస్తే అడుగంటుతుంది, ఆ మాడు వాసన ఏం చేసినా వదలదు.

కుదిరిందో లేదో తెలియాలంటే గంటెడు చారు ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చూడండి. కదిలిస్తే ముద్దగా ఊగాలి. అది చెడిపోయిందనుకుని పారబోసిన వాళ్లున్నారు! వేడి చేస్తే మళ్లీ చారే.

ఒక మాట. కాలు విరిగిన వాళ్లకు పాయా తాగిస్తే బొక్క తొందరగా అతుకుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. బొక్కల్లోని సున్నం చారులోకి దిగేది చాలా కొంచెమే. ఒక గ్లాసు పాలల్లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. మంచంలో ఉన్న మనిషికి రోజూ ఎవరో ఒకరు వేడిగా గిన్నెడు తెచ్చి పక్కన కూర్చోవడం వల్ల జరిగే మేలు వేరే, అందుకోసం పెట్టండి. డాక్టర్ రాసిన మాత్రలు మాత్రం ఆపొద్దు.

నాటుకోడి చారు: ముక్క సాగుతోంది, బ్రాయిలర్‌తో చేస్తే రుచే లేదు

రెండూ ఒకే సంగతి. నాటుకోడి వయసున్నది, తిరిగినది, కాబట్టి కండ గట్టిది, రుచి ఎక్కువ. బ్రాయిలర్‌కు నిండా రెండు నెలలు కూడా ఉండవు. నాటుకోడికి బ్రాయిలర్ లెక్కన టైం పెట్టకండి. బ్రాయిలర్‌తోనే చేయాలంటే ఛాతీ ముక్కలు వద్దు. మెడ, రెక్కలు, శుభ్రం చేసిన కాళ్లు తీసుకోండి, అల్లం ఎల్లిగడ్డ దంచింది, మిరియాలు వేసి గంటసేపు సన్న మంట మీద ఉంచండి.

జలుబుకు కోడి చారు పని చేస్తుందా అంటే, 2000లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకులు కోడి సూపును ప్రయోగశాలలో పరీక్షించారు. వాపుకు కారణమయ్యే ఒక రకం తెల్ల రక్తకణాల కదలికను అది నెమ్మదింపజేస్తుందని చూశారు. అది గాజు పాత్రల్లో చూసింది, మనుషుల మీద కాదు. వేడి ఆవిరికి ముక్కు తెరుచుకోవడం, నీళ్లూ ఉప్పూ లోపలికి వెళ్లడం మాత్రం ఎవరికైనా అనుభవమే.

టమాట సూపు

పాలు పోయగానే విరిగితే పులుపే కారణం. దించి కాస్త చల్లారాక, మీగడను ఒక గంటె సూపుతో కలిపి అప్పుడు పోయండి. మక్కజొన్న పిండి ఉండలు కట్టిందంటే వేడి సూపులో నేరుగా వేశారు, చన్నీళ్లలో కలపాలి. సలసల కాగే సూపును మిక్సీలో నిండా పోసి మూత బిగించకండి, ఆవిరికి మూత లేచి చేతులు కాలతాయి.

ఉప్పు ఎక్కువైంది

ఆలుగడ్డ ముక్క వేస్తే ఉప్పు లాగేస్తుందనేది ఉత్త మాట. అది తాగినన్ని నీళ్లతో పాటు ఆ నీళ్లలో ఉన్నంత ఉప్పే పోతుంది, మిగిలిన చారు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేని పప్పు కట్టో, టమాట రసమో కలిపి పరిమాణం పెంచడమే దారి. పులుపు తక్కువైతే నిమ్మకాయ పిండుకోవచ్చు, కానీ స్టవ్ మీద ఉండగా కాదు, చేదెక్కుతుంది.

వింత లోహపు రుచి

అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెలో చారు పెట్టారా? లోపల కళాయి (తగరం పూత) ఉందో లేదో చూడండి. పెంబర్తి ఇత్తడి పనికి ఎంత పేరున్నా, కళాయి పోయిన ఇత్తడికీ చింతపండుకూ పడదు. పులుపు ఇత్తడిలోని రాగిని కరిగించి చారులోకి దించుతుంది. అలా చేసిన చారు పారబోయండి, దానికి సర్దుబాటు లేదు. కళాయి పెట్టించేదాకా స్టీలు గిన్నెలోనో మట్టి కుండలోనో చేసుకోండి.

రాత్రి చారు పొద్దునకి

చలికాలం పప్పుచారు మర్నాడు ఇంకా బాగుంటుంది. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఆ ఆశ పెట్టుకోకండి. కోడి, బొక్కల చారు అయితే వండిన రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి. నిండు గంజు అలాగే పెడితే మధ్యలో చల్లబడదు, వెడల్పు గిన్నెల్లోకి సర్దండి. తాగేముందు గోరువెచ్చగా చేస్తే చాలదు, బాగా పొంగు రావాలి. పచ్చిపులుసులో పచ్చి ఉల్లిగడ్డ ఉంది కాబట్టి అది ఏ పూటకి ఆ పూటే, మిగిలితే పారబోసెయ్యండి.