సాయంత్రం వాన వస్తుందా? మబ్బు చూసి చెప్పడం ఎలా

చేలో శెనక్కాయ కట్టె పీకి ఆరేసినవాళ్లకు, మిద్దె మీద ఎండుమిరప పోసినవాళ్లకు తెలియాల్సింది ఈ పూట సంగతి. అనంతపురం వైపు ఆ సంగతి రెండు మూడు గంటల ముందే ఆకాశంలో కనబడుతుంది. కానీ చాలామంది మబ్బు రంగు చూసి తేల్చేస్తారు, అక్కడే తప్పుతారు.

కావాల్సినవి: నాలుగు దిక్కులూ కనబడే మిద్దె, కదలని గుర్తుగా ఒక కరెంటు స్తంభమో నీళ్ల ట్యాంకో, మీ చేతివేళ్లు. నల్లకళ్లద్దాలుంటే మబ్బు అంచు తేటగా తెలుస్తుంది. చూడాల్సిన వేళలు పదకొండు, ఒంటిగంట, మూడు. ఒక్కసారి చూసి వదిలేస్తే చూడనట్టే.

1. ముందు వాతావరణ శాఖ సూచన చదవండి. "ఒకటి రెండు చోట్ల" అంటే వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి పడదని అర్థం. "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. మన మండలం ఎండిపోయినంత మాత్రాన సూచన తప్పినట్టు కాదు. ఆ ఒకటి రెండు చోట్లలో మన ఊరుందా అన్నదే మనం మబ్బును చూసి తేల్చుకోవాలి. ఫోన్లో కనబడే వాన బొమ్మ, శాతం ఈ పనికి రావు. శాఖ ఇచ్చే మూడు గంటల ముందస్తు హెచ్చరిక మాత్రం తప్పక చూడండి.

2. ఎత్తు తేల్చుకోండి. ముద్దలు ముద్దలుగా పరుచుకున్న మబ్బయితే చెయ్యి బారుగా చాచి, నడినెత్తి మీద ఉన్న ముద్దకు వేళ్లు అడ్డం పెట్టండి. చిటికెన వేలి చాటున దాగితే పై అంతస్తుది, మూడు వేళ్ల లోపయితే మధ్యది (ఆల్టోక్యుములస్), అంతకు మించితే కిందది. పలచని తెల్లగీతల సిర్రస్ అంతా మంచు పలుకులే, ఈ పూట వాన ఇవ్వదు. మధ్య మబ్బు పొద్దున్నే చిన్నచిన్న బురుజులుగా పైకి లేస్తుంటే మాత్రం మధ్యాహ్నం జాగ్రత్తగా ఉండాలి. జూన్, జూలైల్లో పడమటి గాలికి పరుగెత్తే బూడిదరంగు మోడాన్ని చూసి విత్తనం బయటికి తీయొద్దు. పడమటి కనుమలు తేమంతా దించుకున్నాక మిగిలిన మబ్బు అది. తుంపర పడొచ్చు గానీ విత్తడానికి చాలినంత పదును కాదు.

3. కుప్పమబ్బును చదవడం. అసలు కష్టం ఇక్కడే, తొందరపడొద్దు.

రంగును పక్కన పెట్టండి. మూడు దాటాక పొద్దు పడమటికి వాలుతుంది. పడమటి మబ్బుకు వెలుగు వెనకనుంచి వస్తుంది కాబట్టి మామూలు మబ్బు కూడా నల్లగా భయపెడుతుంది. తూర్పు మబ్బు మీద ఎండ నేరుగా పడుతుంది కాబట్టి పది కిలోమీటర్లు లేచింది కూడా తెల్లగా మెరుస్తుంది. జనం పడమటి నలుపును చూసి పట్టలు కప్పుతారు, తూర్పున లేచినదాన్ని వదిలేస్తారు.

చూడాల్సింది తల అంచు. వెడల్పు కంటే ఎత్తు పెరిగి, అంచు కాలీఫ్లవర్ పువ్వులా గట్టిగా, తేటగా ఉంటే అది ఇంకా ఎదుగుతున్న మబ్బు. ఆ అంచు చెదిరి, మసకబారి, పీచులు పీచులుగా మారిందంటే పైన నీటిబొట్లు మంచవుతున్నాయి. అప్పుడది క్యుములోనింబస్, అంటే ఉరుముల మబ్బు. పట్ట కప్పడం అప్పుడే మొదలుపెట్టాలి, మొదటి చినుకు దాకా ఆగకూడదు.

తల బల్లపరుపుగా ఒక పక్కకు సాగితే మబ్బు అటే పోతోందని అనుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఎత్తులో పడమటి గాలి ఉంటుంది, తల తూర్పుకు సాగుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి. అప్పుడు తల పడమటికి సాగుతుంది. కదలిక తెలియాలంటే మబ్బు అడుగుభాగాన్ని స్తంభంతో సరిపెట్టి, నిలబడ్డచోటే పది నిమిషాలు చూడండి. పక్కకు జరిగితే మనల్ని తప్పించుకుపోతుంది. జరగకుండా పెద్దదవుతుంటే నేరుగా మన మీదికే వస్తోంది.

వానతెర నేలను తాకిందా అన్నది కూడా చూడాలి. తెర వెనక గుట్ట కనబడకపోతే తాకినట్టే. తెర మధ్యలోనే చిరిగిపోతే చినుకులు పొడిగాలిలో ఆవిరైపోతున్నాయి, చల్లగాలి, దుమ్ము తప్ప మనకేమీ రాదు. ఉరవకొండ, బెళుగుప్ప వైపు గాలిమరలు కనబడితే వాటిని గమనించండి. రెక్కలు ఎటు తిరిగి ఉంటే గాలి అటునుంచి వస్తున్నట్టు. మబ్బు వైపుకు వీచే గాలి ఒక్కసారిగా తిరిగి మబ్బు దిక్కునుంచి చల్లగా కొడితే, ఆ మబ్బు చల్లగాలిని కిందికి దించుతోందని అర్థం. ఆ గాలే ముందుకు పోయి కొత్త మబ్బును లేపగలదు. కాబట్టి పాతది తేలిపోయినా వెంటనే పట్ట తీయొద్దు.

అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం అల్పపీడనంతో ఆకాశమంతా ఒకే బూడిదరంగు పరుచుకుంటే ఈ లెక్కలు పనిచేయవు. అప్పుడు శాఖ మాటే వినండి.

4. పిడుగు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ముప్ఫై సెకన్ల లోపు వినబడితే చేను వదిలి పక్కా ఇంట్లోకి పోండి. వేపచెట్టు కిందికి పోవద్దు. వాన ఆగినా సరే, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు.