కౌన్సిల్ ఉన్నా మన మాట చెల్లట్లేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

బ్రిటిష్ వాళ్లు మన దేశంలో చట్టాలు చేసే సభను, అంటే కౌన్సిల్‌ను, మార్చుకుంటూ వచ్చిన 1861, 1892, 1909, 1919 చట్టాలను గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఎక్కాల్లా బట్టీ పడతారు, పరీక్ష దగ్గరపడేసరికి ఏది ఎందులో ఉందో కలగాపులగమై టెన్షన్ పడతారు. ఒక్కో చట్టం ఏ జబ్బుకి వేసిన మందో చూడండి, మర్చిపోమన్నా మర్చిపోరు.

సమస్య: మనవాళ్లు సభలో ఉన్నారు, నోరు మెదపరు.
1862లో వైస్రాయ్ కానింగ్ పటియాలా మహారాజును, కాశీ రాజును, సర్ దినకర్ రావును కౌన్సిల్లోకి తీసుకున్నాడు. వాళ్లు నోరు తెరిచినా పెద్దగా చేయగలిగిందేమీ లేదు. ముందున్న బిల్లు తప్ప ఇంకో విషయం ఎత్తకూడదని 1861 చట్టంలోనే ఉంది. ఎందుకలా? 1854లో మొదలైన పాత కౌన్సిల్ ప్రభుత్వాన్ని నిలదీసేది, కాగితాలు చూపించమనేది. బ్రిటిష్ పాలకులకి అది మింగుడుపడక రెక్కలు కత్తిరించారు.
పరిష్కారం: ప్రశ్న అడిగే హక్కు. అది రావడానికి 31 ఏళ్లు పట్టింది, 1892 చట్టంతో వచ్చింది.

సమస్య: జనానికి తెలిసేలోపే చట్టం అయిపోతుంది.
1878లో దేశభాషా పత్రికల చట్టాన్ని ఒక్క పూట సమావేశంలో ముగించేశారు. బిల్లును ముందే అచ్చువేసి జనంలోకి వదిలి, గడువు ఇవ్వాల్సింది. 1882లో రిపన్ ఆ చట్టాన్ని రద్దు చేశాడు కానీ అప్పటికి నాలుగేళ్లు పత్రికలు నలిగాయి.

సమస్య: మాట్లాడనిస్తారు, ఓటు మాత్రం ఉండదు.
ఇక్కడ కాస్త ఆగాలి. 1902 మార్చి 26న కలకత్తాలో కౌన్సిల్ సభ్యుడు గోపాలకృష్ణ గోఖలే బడ్జెట్ మీద మాట్లాడటానికి లేచాడు. ఖజానాలో ఏటా మిగులు కనిపిస్తుంటే, కరువుతో చితికిపోయిన జనం మీద అంత పన్ను ఎందుకని సర్కారు సొంత లెక్కలతోనే అడిగాడు. ఉప్పు మీద పన్ను అప్పుడు మణుగుకి, అంటే సుమారు 37 కిలోలకి, రెండున్నర రూపాయలు. 1892 చట్టం ప్రకారం బడ్జెట్ మీద మాట్లాడొచ్చు, ఓటు అడగకూడదు. ప్రశ్న వేయొచ్చు, జవాబు మీద మళ్లీ ప్రశ్న వేయకూడదు. అయినా మరుసటి ఏడు ఆ పన్ను రెండు రూపాయలకి దిగింది. లెక్కలు బయటపెడితే ఎంత బలం వస్తుందో చూడండి! నా దృష్టిలో ఓటు కన్నా ముందు అడగాల్సింది ఇదే, లెక్కల కాగితం.
పరిష్కారం: తీర్మానం పెట్టే హక్కు, అనుబంధ ప్రశ్న. రెండూ 1909లో వచ్చాయి, అనుబంధ ప్రశ్న మాత్రం మొదట అడిగిన సభ్యుడే వేయాలి.

సమస్య: ఓటు పెట్టినా ఓడిపోతాం.
గోఖలే ప్రాథమిక విద్య బిల్లు 1912లో 13–38తో వీగిపోయింది. కేంద్ర కౌన్సిల్లో అధికారులదే మెజారిటీ, వాళ్లు ప్రభుత్వం మాట దాటరు.
పరిష్కారం: ఎన్నికైనవాళ్లకి మెజారిటీ. 1919 చట్టంతో వచ్చింది.

సమస్య: గెలిచినా చెల్లదు.
మళ్లీ ఉప్పే. 1923లో మణుగుకి రూపాయి పావలా ఉన్న పన్నును రెండున్నరకి పెంచుతామన్నారు. కేంద్ర అసెంబ్లీ కాదంది. అత్యవసరమని వైస్రాయ్ రీడింగ్ ధ్రువీకరణ సంతకం, అంటే సభ కాదన్నదాన్ని కూడా చట్టం చేసేసే సంతకం, పెట్టాడు, పన్ను పెరిగింది. ఆ సంతకం అధికారం ఉన్నంతకాలం ఎంత పెద్ద సభైనా ఇచ్చేది సలహానే. దాన్ని పూర్తిగా తీసేయడమే మందు, 1935 చట్టం కూడా ఆ పని చేయలేదు.