సింగపూర్ అడవిలో కొలుగోని ఎలా చూడాలి

బుకిట్ పంజాంగ్‌కి ఇల్లు మారిన కొత్తలో ఏడు నెలలు ప్రతి ఆదివారం అడవిలో తిరిగాను. చర్మపు పొర పరుచుకుని చెట్టు నుంచి చెట్టుకి గాలిలో జారే జంతువు కొలుగో. అది ఒక్కటీ కనబడలేదు. చివరికి దాన్ని చూపించింది రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ. లోయర్ పియర్స్ అడవిలో చెక్కలు పరిచిన దారి (బోర్డ్‌వాక్) మీద నడుస్తూ టక్కున ఆగి, "అదేంటే, ఆ చెట్టు బొడిపె ఊపిరి తీసుకుంటోంది?" అంది. అన్నాళ్లూ నేను పైన ఆకుల్లో వెతుకుతున్నాను. అదేమో పగలంతా మానుకి కరుచుకుని నిద్రపోతుంది.

మీరు వెళ్తే పొద్దున్న ఎనిమిదింటికల్లా వెళ్లండి, జనం తక్కువ. దారి పక్కనున్న ప్రతి పెద్ద మానునీ మొదలు నుంచి పైకి మెల్లగా చూపుతో తడమండి. బూడిద రంగు ఒంటి మీద తెల్లటి మచ్చలు, అచ్చం పాచి పట్టిన బెరడులా ఉంటుంది. మగవాటిలో కొన్ని ఇటుక రంగువి, అవి కొంచెం త్వరగా దొరుకుతాయి. దాటిన చెట్టుని వెనక్కి తిరిగి మళ్లీ చూడండి. నాకు దొరికిన వాటిలో సగం తిరుగు ప్రయాణంలోనే దొరికాయి.

కనబడగానే ఫొటో తీసుకుని వెళ్లిపోకండి. అరగంట నిలబడండి. ఒకసారి పొట్ట దగ్గర పొర కదిలింది. తల్లి తోక వైపు పొరని మడిచి జోలెలా పట్టుకుంది, దాని అంచు మీంచి రెండు పెద్ద కళ్లు నన్నే చూస్తున్నాయి. మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇంకోటి కూడా గమనించండి: దొడ్డికి వచ్చినప్పుడు తోకతో పాటు ఆ పొరనీ వీపు మీదికి ఎత్తేస్తుంది, మాయకుండా.

ఎగరడం చూడాలంటే సాయంత్రం వెళ్లాలి. ఇక్కడ ఏడాదంతా ఏడింటికి కాస్త అటూ ఇటూగా పొద్దు గుంకుతుంది. రిజర్వు అడవి దారులు కూడా ఏడింటికే మూసేస్తారు, అందుకని అడవిని ఆనుకున్న రోడ్డు పక్కన నిలబడండి. ముందు అది గెంతుతూ మాను పైకెక్కుతుంది, ఆగుతుంది, దూకుతుంది. మెడ నుంచి వేళ్ల చివరిదాకా, తోక కొసదాకా చర్మం పరుచుకుని గాలిపటం అయిపోతుంది. వంద మీటర్లు దాటి కూడా జారగలదు. ఇక్కడి కొలుగోల వీపులకి చిన్న పరికరాలు అతికించి పరిశోధకులు లెక్క చూస్తే, మళ్లీ పైకెక్కాల్సి రావడం వల్ల శక్తి ఏమీ ఆదా కావడం లేదని, సమయం మాత్రం కలిసొస్తోందని తేలింది. లేత ఆకులు ఒక్కో చెట్టు దగ్గర కొంచెం కొంచెం తినే జంతువుకి అదే ముఖ్యం మరి.

అందుకే చెట్టుకీ చెట్టుకీ మధ్య ఖాళీ పెరిగితే నాకు టెన్షన్. 1986లో వేసిన బుకిట్ తిమా ఎక్స్‌ప్రెస్‌వే అడవిని రెండుగా చీల్చింది. 2013లో దాని మీదుగా జంతువుల కోసం చెట్లు నాటిన వంతెన కట్టారు. అది వాటి దారి, మనకి ప్రవేశం లేదు.

ఫ్లాష్ ఆపేయండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, వెలుగు కళ్ల మీద కాకుండా మాను మీద పడేలా పట్టుకోండి. నేల మీద పడున్న పిల్ల కనిపిస్తే చేత్తో తీయకుండా, దగ్గరే నిలబడి వన్యప్రాణుల రక్షణ వాళ్లకి ఫోన్ చేయండి.