లాప్‌టాప్‌కి చార్జ్ ఎక్కడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ప్లగ్ పెట్టగానే చార్జింగ్ గుర్తు వస్తుంది, కాస్త కదిలితే పోతుంది. వైరును ఒక పక్కకు వంచి, కింద ఏ పుస్తకమో ఆనించి పెడితే మళ్లీ వస్తుంది. చాలామంది నెలల తరబడి ఇలాగే నెట్టుకొస్తారు. దయచేసి అలా చేయకండి. వదులైన చోట కరెంటు తెగి కలిసినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఆ వేడికి జాక్ (లాప్‌టాప్‌లో చార్జర్ పిన్ను దూర్చే రంధ్రం) లోపలి లోహం నల్లబడుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది. జాక్ మార్చితే పోయే రిపేరు మదర్‌బోర్డు దాకా పాకుతుంది.

ఒకసారి ఇదే లక్షణం చూసి, బ్యాటరీ పోయిందనుకుని కొత్తది తెప్పించాను. అది వేశాక కూడా అదే వరస. లోపం జాక్‌లో ఉంది. అప్పటినుంచి కరెంటు నడిచే దారినే పట్టుకుని వెళ్తున్నాను: గోడ సాకెట్, అడాప్టర్, దాని వైరు, పిన్ను, లాప్‌టాప్ జాక్, బోర్డు, చివర్న బ్యాటరీ. వీటిలో కరెంటు ఎక్కడ ఆగిందో తేలేదాకా ఏదీ కొనకండి.

1. ముందు తేలికైనవి

ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. అడాప్టర్ డబ్బాలోకి దూర్చే వైరు వదులైందేమో గట్టిగా నొక్కండి. చార్జ్ 60 లేదా 80 శాతం దగ్గరే ఆగిపోతుంటే అది లోపం కాకపోవచ్చు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నడానికి పెట్టిన పరిమితి చాలా లాప్‌టాప్‌ల సెట్టింగుల్లో ఉంటుంది.

తర్వాత లాప్‌టాప్ ఆఫ్ చేసి, అడాప్టర్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే ముందే దాన్ని కూడా తీసేసి, ఆ తర్వాత అడాప్టర్ ఒక్కదానితోనే ఆన్ చేసి చూడండి. పిన్ను కదిలినా ఆగకుండా నడిస్తే అడాప్టర్, జాక్ చాలావరకు బాగున్నట్టే, అనుమానం ఎక్కువగా బ్యాటరీ వైపు మళ్లాలి.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినట్టున్నా ఇక చార్జింగ్ పెట్టొద్దు. ఉబ్బిన బ్యాటరీని పొడిచినా, వంచినా మంటలు లేవొచ్చు. దాన్ని తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి.

2. అడాప్టర్ పరీక్ష

దీనికి వోల్టులు కొలిచే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. అడాప్టర్ మీది లేబుల్‌లో అవుట్‌పుట్ చూడండి. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్ల అడాప్టర్. మీటర్‌ను డీసీ వోల్టేజీలో 200 దగ్గర పెట్టండి. చవక మీటర్లలో 20 రేంజ్ మరీ అంచున ఉండి, రీడింగ్ దాటిపోయినట్టు చూపొచ్చు. మీటర్ నల్ల ప్రోబ్ (వైరు చివర ఉండే మొన) పిన్ను బయటి లోహానికి, ఎర్రది లోపలి గోడకు ఆనించండి. రెండు ప్రోబులూ ఒకదానికొకటి తగలకూడదు.

రీడింగ్ లేబుల్‌లో ఉన్నదానికి 5 శాతం అటూ ఇటూ ఉంటే మంచిదే. డెల్, హెచ్‌పీ అడాప్టర్లు చాలావాటికి నడుమ సన్నని పిన్ను ఉంటుంది, అది కరెంటుకు కాదు, అడాప్టర్‌ను గుర్తించడానికి. ఆ సన్నని పిన్ను వంగినా, దాని వైరు తెగినా లాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ చార్జ్ కాదు, ఆన్ చేసేటప్పుడు అడాప్టర్ రకం తెలియడం లేదన్న మెసేజ్ కూడా రావొచ్చు. మదర్‌బోర్డు పోయిందని చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే.

ప్రోబులు అలాగే ఉంచి, వైరు పిన్నులోకి, డబ్బాలోకి చేరే రెండు చోట్లా మెల్లగా వంచమని ఇంకొకరికి చెప్పండి. అంకె ఎగిరిపడితే లోపల తీగ తెగింది. అంకె నిలకడగా ఉన్నా పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే లోడ్ పడ్డాకే, అంటే లాప్‌టాప్ కరెంటు లాగడం మొదలెట్టాకే, కూలబడే అడాప్టర్లూ ఉంటాయి. అదే వోల్టేజీ, అదే పిన్ను ఉన్న మరో మంచి అడాప్టర్ పెట్టి చూస్తే సంగతి తేలుతుంది. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, వోల్టులు మాత్రం ఎక్కువ ఉండకూడదు. అడాప్టర్ డబ్బాను ఎప్పుడూ విప్పొద్దు. గోడ సాకెట్ కరెంటు 230 వోల్టులైతే, లోపల కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులుంటాయి, ప్లగ్ తీశాక కూడా కాసేపు నిలిచి ఉండొచ్చు.

టైప్-సి చార్జర్‌కు ఈ పద్ధతి పనికిరాదు. లాప్‌టాప్‌తో మాట్లాడి ఒప్పందం కుదిరాకే అది 20 వోల్టుల వంటి పెద్ద వోల్టేజీ ఇస్తుంది. మధ్యలో పెట్టే చిన్న టైప్-సి పవర్ మీటర్‌తో చూడండి. కేబుల్‌నూ అనుమానించండి: 60 వాట్లు దాటాలంటే 5 ఆంపియర్లకు తగిన, లోపల చిప్ ఉన్న కేబుల్ కావాలి.

3. జాక్

పిన్నును వేళ్లతో కదలకుండా పట్టుకుని వైరు మాత్రమే కదపండి. చార్జింగ్ పోయి వస్తుంటే వైరుది తప్పు. వైరు కదలకుండా పిన్నును కాస్త అటూ ఇటూ అంటే పోతుంటే జాక్‌ది తప్పు. తర్వాత అన్నీ ఆఫ్ చేసి టార్చి వేసి లోపలికి చూడండి. టైప్-సి పోర్టులో దుమ్ము, నూలు పీచు గడ్డకట్టి కేబుల్‌ను పూర్తిగా దిగనివ్వవు. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. సూది, సేఫ్టీ పిన్ను వాడొద్దు.

4. విప్పాల్సి వస్తే

అడాప్టర్ తీసి, అడుగు మూత విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. స్క్రూలను కాగితం మీద గీసిన బొమ్మలో ఏ చోటువి ఆ చోటే పెట్టండి. పొట్టి స్క్రూ చోట పొడవుది బిగిస్తే బోర్డు దెబ్బతింటుంది.

జాక్ చిన్న వైరుతో బోర్డుకు కలిసి ఉంటే అదృష్టమే. కనెక్టర్ లాగి, మీ మోడల్‌దే కొత్తది పెట్టి బిగిస్తే సరి. బోర్డుకే సోల్డర్ చేసి (కరిగించిన లోహంతో అతికించి) ఉంటే కథ వేరు. దాని కాళ్లు పెద్ద రాగి పొరకు అతికి ఉంటాయి, ఆ పొర వేడిని లాగేస్తుంది. పాత సోల్డర్ పూర్తిగా కరగకముందే జాక్‌ను లాగితే రంధ్రంలోని రాగి కూడా ఊడి వస్తుంది. ఇంతకుముందు బోర్డుల మీద సోల్డరింగ్ చేసిన చేయి కాకపోతే ఇది మానుకోండి. టైప్-సి పోర్టుకు 24 కాళ్లుంటాయి, దాన్ని బోర్డు రిపేరు చేసేవాళ్లకే ఇవ్వండి. మీరు తీసుకున్న రీడింగులు వాళ్లకు చెబితే వెతుకులాట తగ్గుతుంది.

కొత్త జాక్ పెట్టాక, బ్యాటరీ కలపకముందే జాక్ ప్లస్, మైనస్‌ల మధ్య మల్టీమీటర్ బీప్ మోడ్‌లో చూడండి. బీప్ ఆగకుండా మోగితే ఎక్కడో షార్ట్ ఉంది, అడాప్టర్ పెట్టొద్దు. మోగకపోతే అన్నీ బిగించి, అరగంట చార్జింగ్ పెట్టి, జాక్ దగ్గర చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు ఆనించలేనంత వేడెక్కితే ప్లగ్ తీసేసి, కనెక్టరో సోల్డరో వదులుగా ఉందేమో మళ్లీ విప్పి చూడాలి.