పట్టుకోవడం నేర్పే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

బెంగళూరులో మానసిక వార్డుల్లో, డీఅడిక్షన్ సెంటర్లలో నర్సులుగా, అటెండర్లుగా మన అనంతపురం, చిత్తూరు వైపు పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకి ట్రైనింగ్ ఇచ్చే సీనియర్లూ, దయచేసి మొదటి రోజే పేషెంట్‌ని కదలకుండా పట్టుకోవడం నేర్పకండి. మాటలతో శాంతపరచడం, పక్కకి తప్పుకోవడం, విడిపించుకోవడం బాగా వచ్చాకే అది. ముందే పట్టు నేర్చుకున్నవాళ్లకి ప్రతి గొడవకీ చెయ్యే ముందు లేస్తుంది.

ప్రాక్టీస్‌కి ముందు ఉంగరాలు, గాజులు, గొలుసులు, చున్నీలు తీయించండి, గోళ్లు చూడండి. గర్భం, ఆస్తమా, ఒకసారి జారిన భుజం లాంటివి ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, నలుగురిలో చెప్పరు. ఎవరు 'ఆపు' అన్నా, నవ్వుతూ అన్నా సరే, వెంటనే వదిలేయాలి.

పేషెంట్ మీ మణికట్టు పట్టుకుంటే వాళ్ల బొటనవేలు, మిగతా వేళ్లు కలిసే సందులోంచి చెయ్యి లాక్కోవాలి, పట్టు బలం అక్కడే తక్కువ. జుట్టు పట్టుకుంటే గుంజుకోకుండా, వాళ్ల చేతిని మీ రెండు చేతులతో మీ తలకే అదిమిపెట్టాలి. కొరికితే కూడా లాగకూడదు, కండ చీలుతుంది.

ఇక పట్టుకోవడం. బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలు పెట్టడం, మెడ పట్టడం ప్రాక్టీస్‌లో కూడా వద్దే వద్దు. ఛాతీకి కదలిక లేక ఊపిరాడదు, ఊపిరాడక మనిషి కొట్టుకుంటుంటే తిరగబడుతున్నాడనుకుని ఇంకా గట్టిగా అదుముతారు, ప్రాణాలు పోయేది అక్కడే. 'మాట్లాడుతున్నాడు కదా, ఊపిరి ఆడుతోందిలే' అని ఎవరన్నా అంటే అక్కడే ఆపి సరిచెయ్యండి. టీమ్‌లో ఒకరు పూర్తిగా తల దగ్గరే ఉండి ముఖం రంగు, శ్వాస చూస్తూ, కన్నడో తమిళమో పేషెంట్‌కి తెలిసిన భాషలో మాట్లాడుతూ ఉండాలి. తాగుడు మానిన రెండు మూడు రోజులకి వచ్చే వణుకు, లేనివి కనపడటం, షుగర్ పడిపోయి వచ్చే తిక్క, ఇవి డాక్టర్ చూడాల్సినవి, పట్టుకుంటే తగ్గేవి కావు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ కూడా చదివించండి. అప్పటికప్పుడు ప్రమాదం ఉండి, వేరే దారి లేనప్పుడే పట్టుకోవాలి, దానికి సైకియాట్రిస్ట్ అనుమతి కావాలి. శిక్షగానో, స్టాఫ్ చాలకనో చేయకూడదు. కారణం, పద్ధతి, ఎంతసేపు అన్నది వెంటనే కేస్ షీట్‌లో రాయాలి, పేషెంట్ తరఫు ప్రతినిధికి 24 గంటల్లో తెలపాలి.

గొడవ అయ్యాక పేషెంట్‌కి బీపీ, శ్వాస, దెబ్బలు చూసినట్టే స్టాఫ్‌నీ చూడండి. చేతులు వణుకుతున్న కొత్త పిల్లని అదే షిఫ్ట్‌లో ఆ బెడ్ దగ్గరికి ఒంటరిగా పంపకండి.