చిన్న ఫోర్‌వీల్‌డ్రైవ్ బండి: మన కొండదారుల్లో, గెడ్డల్లో, ఇసుకలో వాడే పద్ధతి

విజయనగరం నుంచి సాలూరు కొండల వైపు వెళ్లినా, శ్రీకాకుళం నుంచి సీతంపేట ఏజెన్సీ వైపు వెళ్లినా, తారురోడ్డు వదిలిన తరువాత ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడ వంతెన లేని గెడ్డలు (కొండవాగులు) ఎదురవుతాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీని మనం ఎక్కువగా ప్రభుత్వ బండిగానే చూశాం. ఇప్పుడు నాలుగు మీటర్ల లోపు పొడవున్న ఫోర్‌వీల్‌డ్రైవ్ బండ్లను ఇంటి అవసరానికి కొనేవారు ఇక్కడ కూడా కనిపిస్తున్నారు. మూడు తలుపుల మహీంద్రా థార్, 2023 జూన్‌లో విడుదలైన ఐదు తలుపుల మారుతి జిమ్నీ ఈ తరగతికి చెందినవి. ఈ తరగతి బండితో నేను మూడు వానాకాలాలు గడిపాను. పలాస దగ్గర జీడితోట ఉన్న ఒక బంధువు, పార్వతీపురం వైపు ఉద్యోగం చేస్తున్న ఒక ఉపాధ్యాయ మిత్రుడు తమ అనుభవాలను నాకు చెప్పారు. శక్తి రెండు చక్రాలకు అందాలో నాలుగింటికీ అందాలో మార్చే, గేరు పక్కనున్న రెండో లీవరును బండి కూరుకుపోయిన తరువాత మాత్రమే కదిపే అలవాటు మా ముగ్గురికీ మొదట్లో ఉండేది. దాని వల్ల పడిన ఇబ్బందులు కొత్తగా కొన్నవారికి రాకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ లీవరుకు ముఖ్యంగా మూడు స్థానాలుంటాయి. 2హెచ్‌లో వెనుక చక్రాలకే శక్తి అందుతుంది. తారురోడ్డు మీద, పొడిగా ఉన్న సిమెంటు వీధుల్లో ఎప్పుడూ ఇదే ఉండాలి. 4హెచ్‌లో ముందు చక్రాలు కూడా లాగుతాయి. 4ఎల్‌లో వేగం దాదాపు సగానికి తగ్గి, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. జిమ్నీలో 2హెచ్ నుంచి 4హెచ్‌కు గంటకు 100 కిలోమీటర్ల లోపు వేగంతో తిన్నగా పోతున్నప్పుడు కూడా మారవచ్చు గాని, 4ఎల్‌కు మాత్రం బండిని పూర్తిగా ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి మారాలి. ఇతర బండ్లలో ఈ హద్దులు వేరుగా ఉండవచ్చు కాబట్టి యజమాని పుస్తకంలో ఆ పేజీని ఒకసారి శ్రద్ధగా చదవండి.

పొడి రోడ్డు మీద 4హెచ్ ఎందుకు వద్దో తెలుసుకోవడం అవసరం. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఈ బండ్లలో ముందు, వెనుక షాఫ్టులు నేరుగా కలిసిపోతాయి, ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. మట్టిలోనైతే టైరు కొంచెం జారి తేడా సరిపోతుంది; తారు మీద జారలేదు కాబట్టి ఆ బిగువంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. తాటిపూడి నుంచి వస్తూ లీవరు మార్చడం మరిచిపోయి, విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మలుపు తిప్పినప్పుడు నా బండి కింద నుంచి దబదబమని శబ్దం వచ్చింది, స్టీరింగు బిగుసుకుంది, లీవరు కూడా కదల్లేదు. అలాంటప్పుడు లీవరును బలవంతంగా లాగకూడదు. చక్రాలు తిన్నగా ఉంచి నాలుగైదు గజాలు వెనక్కి నడిపితే బిగువు వదులుతుంది, లీవరు తేలికగా వస్తుంది.

నాలుగు చక్రాలు లాగడం వల్ల బండి కదలడానికి సాయం దొరుకుతుంది గాని, ఆగడానికి ఏ అదనపు సాయమూ దొరకదు. తడిరోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఈ బండి కూడా మిగతా కార్లలాగే జారుతుంది. పైగా ఎత్తుగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో వేగం ఇంకా తగ్గించుకోవాలి.

గెడ్డ దాటడం విషయంలో తొందర పనికిరాదు. ముందు దిగి, చేతిలో కర్ర పట్టుకొని నడిచి చూడాలి. నీరు మోకాలిని తాకుతున్నా, అడుగు కనిపించనంత బురదనీరు వేగంగా పారుతున్నా వెనుదిరగడమే మంచిది. కొండ మీద వాన కురిస్తే కింద చినుకు లేకపోయినా గెడ్డ పొంగుతుందని అక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఒడ్డున ఉన్నవారిని అడగడానికి మొహమాటపడవద్దు. దాటవచ్చని తేలితే, నీటిలోకి దిగకముందే 4ఎల్‌లో పెట్టి, మొదటి లేదా రెండో గేరులో, క్లచ్ మీద కాలు పెట్టకుండా ఒకే వేగంతో నడపాలి. దూరం నుంచి వచ్చి వెంటనే దిగవద్దు. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు విడివిడిగా ఉండే డిఫరెన్షియల్ వేడిగా ఉన్నప్పుడు ఒక్కసారి చల్లనీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. పది నిమిషాలు ఆగి దిగితే ఈ ప్రమాదం చాలా వరకు తగ్గుతుంది. లోతు నీటిలో నడిపిన తరువాత ఆ వారంలోనే డిఫరెన్షియల్ ఆయిల్ చూపించండి. మజ్జిగలా తెల్లబడితే నీరు చేరినట్టే, వెంటనే మార్పించాలి. మా ఉపాధ్యాయ మిత్రుడు ఆరు నెలలు ఆలస్యం చేయడంతో బేరింగులు కూడా మార్పించాల్సి వచ్చింది.

వరినాట్ల రోజుల్లో కేజ్‌వీల్ ట్రాక్టర్లు తిరిగిన పొలం దారి మరో రకం పరీక్ష. జిమ్నీ నేలకు 210 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ట్రాక్టరు చాళ్లు అంతకంటే లోతుగా ఉంటే నడుమ గట్టు బండి కడుపుకు తగిలి చక్రాలు గాలిలో తిరుగుతాయి. చాళ్లలో దిగకుండా ఒక వైపు చక్రాలను నడుమ గట్టు మీద, రెండో వైపు చక్రాలను చాలు పక్కనున్న గట్టి నేల మీద ఉంచి నడపాలి. ఎదురెదురు మూలల చక్రాలు పట్టు తప్పి తిరుగుతున్నప్పుడు కొన్ని బండ్లలో బ్రేకు తనంతట తానే ఆ చక్రాలను పట్టి, మిగతావాటికి శక్తిని పంపుతుంది. ఆ పని జరగాలంటే యాక్సిలరేటరును నిలకడగా నొక్కి ఉంచాలి. భయపడి కాలు తీసేస్తే బండి మళ్లీ అక్కడే నిలిచిపోతుంది.

ఉద్దానంలో, కళింగపట్నం చుట్టుపక్కల సరుగుడు తోటల మధ్య ఇసుక బాటల్లో టైరు గాలి తగ్గించడమే అసలు ఉపాయం. 18 పీఎస్ఐ వరకు దించితే టైరు వెడల్పుగా పరుచుకొని ఇసుక మీద తేలుతుంది. తిరిగి తారురోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. అందుకని చిన్న ఎలక్ట్రిక్ పంపు, గేజి బండిలోనే ఉండాలి. సముద్రపు ఒడ్డున ఇసుక మీద మాత్రం బండి తిప్పవద్దని నా మనవి. అక్కడ వలలు ఆరేస్తారు. చలికాలం చివరి నుంచి వేసవి మొదటి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి, ఆ గుంటలు పైకి కనిపించవు.

తీరప్రాంతంలో తిరిగే బండికి ఉప్పు గాలే పెద్ద శత్రువు. నౌపడ ఉప్పు మడుల వైపు తరచూ వెళ్లే మా బంధువు బండికి రెండేళ్లలోనే సైలెన్సరు బిగింపులు, చాసిస్ అతుకులు తుప్పు పట్టాయి. అలాంటి ప్రయాణం చేసి వచ్చిన మర్నాడే మంచినీటితో బండి అడుగుభాగం కడిగించాలి. పైపైన కడిగిస్తే సరిపోదు, ఫ్రేము రంధ్రాల్లోకి నీరు కొట్టమని దగ్గరుండి చెప్పాలి.

ఇంటి వాడకంలో రాజీలు ఉన్నాయి. జిమ్నీలో వెనుక సీటు మడవకపోతే సామానుకు 208 లీటర్ల చోటే మిగులుతుంది; సంక్రాంతికి ఊరి నుంచి బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు తెచ్చుకునే కుటుంబానికి అది చాలదు. ఎత్తు ఎక్కలేని పెద్దల కోసం పక్కన మెట్టు బిగించుకోవాలి. మాన్యువల్ జిమ్నీకి ప్రకటించిన మైలేజీ లీటరుకు 16.94 కిలోమీటర్లు, కొండదారుల్లో ఏ ఫోర్‌వీల్‌డ్రైవ్ బండీ కాగితం మీది లెక్కను అందుకోదు కాబట్టి, సాలూరు దాటి వెళ్లేటప్పుడు సగం ట్యాంకుకు తగ్గకుండా చూసుకుంటే మంచిది.

నెలకొకసారైనా మట్టిరోడ్డు మీద రెండు మూడు కిలోమీటర్లు 4హెచ్‌లో నడపడం అవసరం. వాడకపోతే లీవరు బిగుస్తుంది, ముందు డిఫరెన్షియల్‌కు నూనె సరిగా అందదు. డాష్‌బోర్డు మీద ఫోర్‌వీల్ దీపం వెలిగి నిలవకుండా మినుకుమంటుంటే ముందు హబ్‌లకు (చక్రాల నడిభాగాలకు) వెళ్లే సన్నని రబ్బరు గొట్టాలను చూడండి. నా బండికి ఇలా జరిగితే ఒక వర్క్‌షాపులో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే గేరుపెట్టె) విప్పాలన్నారు. చివరికి ఎలుక కొరికిన గొట్టం మార్చితే సరిపోయింది. నాలుగు టైర్లు ఒకే సైజులో, ఒకే అరుగుదలతో ఉండాలి కాబట్టి ఒకటి పగిలితే ఒక్కటే కొత్తది వేయడం ఈ బండ్లకు మంచిది కాదు. స్టెప్నీని కూడా వరుసలో తిప్పుతుంటే ఈ చిక్కు రాదు.

పాత బండి కొనేవారు తారురోడ్డు మీద నడిపి చూసి తృప్తిపడవద్దు. ఏదైనా మట్టి మైదానానికి తీసుకువెళ్లి మూడు స్థానాల్లోనూ నడపండి, 4ఎల్‌లో ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో ఒకరిని బయట నిలబెట్టి చూడమనండి, ఆ తరువాత బండిని ఎత్తించి రెండు డిఫరెన్షియల్‌ల ప్లగ్గులు విప్పించి నూనె రంగు చూసుకొని బేరం మాట్లాడండి.